వకీలు లేకుండా ఫ్యామిలీ కోర్టు: ఎంతవరకు నెట్టుకు రావచ్చు, ఎక్కడ దెబ్బ తింటారు

ముందు మార్కులు, తర్వాత కారణాలు. ఫ్యామిలీ కోర్టులో సొంతంగా కేసు నడుపుకోవడానికి మేమిచ్చే మార్కులివి: ఇద్దరూ ఒప్పుకున్న విడాకులకైతే ఐదుకు మూడున్నర, భరణం కేసుకు మూడు, బిడ్డల కస్టడీకి ఒకటి, అవతలి వాళ్లు వకీలును పెట్టుకుని కొట్లాడే విడాకుల కేసుకు అర. ఆ అర కూడా ఎందుకంటే, వాయిదాలకు తప్పకుండా వచ్చే అలవాటు ఇలాంటి వాళ్లకు ఎక్కువ.

చట్టం దీన్ని వద్దనదు. ఇంకా చెప్పాలంటే 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వకీలును పెట్టుకోవడం అక్కడ హక్కే కాదు, కోర్టు అనుమతి ఉండాలి. ఆచరణలో వకీలుకు అధికారమిచ్చే పత్రమైన వకాలత్‌తో పాటు అనుమతి పిటిషన్ వేస్తే సరిపోతోంది గనక నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా అందరి పక్కనా నల్లకోటు కనిపిస్తుంది. 'పార్టీ ఇన్ పర్సన్' అని రాసుకుని మీరే నిలబడితే గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు. జడ్జి గారు మీ మాట ఓపికగా వింటారు కూడా. అయితే తీర్పు రాసే రోజున ఆయన బల్ల మీద ఉండేది ఫైలు. హైకోర్టుకు అప్పీలు పోయినా అమరావతికి పోయేది ఆ ఫైలే. సొంతంగా నడిపేవాళ్లు నోటిని నమ్ముకుంటారు, నష్టపోయేది మాత్రం కాగితాల దగ్గర.

మొదటి కాగితం పిటిషన్. కోర్టు ఎదుట జిరాక్స్, టైపింగ్ షాపుల్లో దొరికే నమూనా పిటిషన్లను కూడా ఇక్కడే తూచి చెబుతాం, ఎందుకంటే సొంతంగా వేసేవాళ్లలో చాలామంది బయలుదేరేది అక్కడి నుంచే. పేర్లు, తేదీలు మార్చి ప్రింటు తీసిస్తారు. చౌక, పని తొందరగా అవుతుంది. లోపం ఏమిటంటే అందులో ఎవరి కథో ఉంటుంది. ఇంకొకరి పిటిషన్లోని 'అదనపు కట్నం కోసం వేధించెను' అనే పేరా మీ పిటిషన్లో మిగిలిపోయిందనుకోండి, క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలప్పుడు, అవతలి వకీలు తేదీ, చోటు, సాక్షి అడుగుతాడు. జవాబుండదు. ఆ ఒక్క పేరా వల్ల మిగతా నిజాలకూ విలువ తగ్గుతుంది. ఇంకో సంగతి, 2024 జూలై 1 నుంచి భరణం సెక్షన్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.) 125 కాదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బి.ఎన్.ఎస్.ఎస్.) 144. పాత నంబరు వేసినంత మాత్రాన హక్కు పోదు గానీ, కోర్టు ఆఫీసు అభ్యంతరంతో పిటిషన్ రిటర్న్ అయ్యే, అంటే తిరిగొచ్చే అవకాశం ఉంది. రిటర్న్ అయిన పిటిషన్‌ను గడువులోగా సరిచేసి మళ్లీ వేయాలి. కేసుకు నంబరు పడలేదన్న సంగతే తెలియక ఇంట్లో కూర్చుంటే కేసు లేనట్టే.

ఏ కోర్టులో వేయాలన్నది రెండో చిక్కు. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం ఉంటున్న చోట, ఇద్దరూ చివరగా కలిసి కాపురం చేసిన చోట వేయవచ్చు. భార్య వేసేటప్పుడు ఆమె ప్రస్తుతం ఉంటున్న చోట కూడా వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు పరిధి బయటి ఊళ్లలో విడాకుల కేసు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్.ఎం.ఓ.పి. (హిందూ వివాహ పిటిషన్)గా నడుస్తుంది, భరణం కేసు మేజిస్ట్రేటు దగ్గరకు పోతుంది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది కదా, అలా రెవెన్యూ జిల్లా మారగానే కోర్టు పరిధి దానంతటదే మారదు, దానికి వేరే ఉత్తర్వు ఉండాలి. ఆధార్‌లో జిల్లా పేరు చూసి కోర్టును ఎంచుకోకండి. మీ మండలం ఏ కోర్టు కిందకు వస్తుందో ఫైలింగ్ సెక్షన్‌లో అడగండి, పైసా ఖర్చు లేని పని.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచు ఎదురయ్యే ఇంకో ముడి చర్చి పెళ్లిది. కులం సర్టిఫికెట్లో హిందువు, పెళ్లి చర్చిలో, ఇంట్లో రెండు రకాల ఆచారాలు. హిందూ వివాహ చట్టం వర్తించాలంటే పెళ్లినాటికి ఇద్దరూ హిందువులై ఉండాలి. ఒకరు క్రైస్తవులైతే ఆ చట్టం కింద జరిగిన పెళ్లి చెల్లదని 2008లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవ దంపతుల విడాకులకు 1869 నాటి చట్టం వేరే ఉంది. పిటిషన్ మొదటి పేరాలో మతం గురించి రాసే ఒక్క ముక్క ఇటు కేసునూ అటు కులం సర్టిఫికెట్టునూ తాకవచ్చు. ఈ పరిస్థితి ఉన్నవాళ్లు మాత్రం సొంత ప్రయోగం మానుకుని, కనీసం పిటిషన్ రాయించుకునే వరకైనా వకీలు దగ్గర కూర్చోవాలి.

నంబరు పడ్డాక అవతలి వాళ్లకు నోటీసు. దాన్ని అందించే ఖర్చు, అంటే బత్తా కట్టాలి, కవర్లు ఇవ్వాలి, అవతలి వాళ్ల సరైన చిరునామా ఇవ్వాలి. బెంగళూరులో అద్దె ఇల్లు మారిన భర్తకు పాత చిరునామా రాస్తే కవరు తిరిగొస్తుంది, కొత్త చిరునామాతో మళ్లీ బత్తా. ఎంతకీ అందకపోతే తలుపుకు అంటించడం, పేపరు ప్రకటన లాంటి మార్గాలున్నాయి, కానీ వాటికి వేరే ఐ.ఏ. (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేసి అడగాలి. అడగకుండా ఊరికే వాయిదాలకు వచ్చి నిలబడితే చివరికి 'బత్తా కట్టలేదు, డిస్మిస్' అనే డాకెట్ (ఆ రోజు ఆర్డరు) చూడాల్సి వస్తుంది. అలా కొట్టేసిన కేసును తిరిగి తెరిపించుకోవడానికి 30 రోజులే గడువు. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు కొట్టి వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందీ చూసుకోవచ్చు. నిజంగా పనికొచ్చే యాప్ ఇది. అయినా ఆర్డరు ఎక్కడం ఆలస్యం కావచ్చు గనక బెంచ్ క్లర్క్ దగ్గర తేదీ ఖాయం చేసుకునే కోర్టు దాటండి.

మీ మీదే కేసు పడితే ప్రమాదం ఇంకా దగ్గర. నోటీసు తీసుకోకపోతే కేసు ఆగిపోతుందన్నది మన ఊళ్లలో చావని భ్రమ. తీసుకోవడానికి నిరాకరించారని రాసుకొచ్చినా నోటీసు అందినట్టే లెక్కగట్టి మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేయవచ్చు, అంటే మీరు లేకుండానే కేసు నడపవచ్చు. నోటీసు అందిన 30 రోజుల్లో కౌంటరు (మీ రాత జవాబు) వేయాలి, కారణం చూపిస్తే 90 రోజుల దాకా సమయం ఇవ్వవచ్చు. కౌంటరులో సొంతంగా రాసుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకే తీరున ఉంటుంది: అత్తమామల గురించి, ఆడబిడ్డ గురించి పది పేజీలు రాస్తారు, పిటిషన్లో 7వ పేరాలో ఉన్న ఆరోపణను మాత్రం ముట్టుకోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం స్పష్టంగా కాదనని మాట ఒప్పుకున్నట్టే. పేరా నంబరు వేసి, ఒక్కొక్క దానికీ 'నిజం', 'నిజం కాదు', 'నాకు తెలియదు, వారే రుజువు చేసుకోవాలి' అని రాసుకుంటూ పోవాలి. మీ కథ ఆ తర్వాత. ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తే రద్దు చేయమని అడగడానికీ 30 రోజులే, రాకపోవడానికి తగిన కారణమూ చూపాలి. భరణం కేసులో ఎక్స్‌పార్టీ ఆర్డరుకైతే మూడు నెలలు.

భరణం కేసుకు మూడు మార్కులు ఇచ్చాం. వేయడం కష్టం కాదు, గెలవడమూ మరీ కష్టం కాదు. ఎంత వస్తుందన్నదే కష్టం. 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. వ్యవసాయ కుటుంబాలకు దానిలో వేరే నమూనా ఉంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమూనా తెచ్చి రైతు చేత నింపించకండి. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కించాలని కూడా అదే తీర్పు చెప్పింది, కాబట్టి ఆలోచిస్తూ ఆగిన ప్రతి నెలా నష్టమే. మధ్యంతర భరణానికి వేరే దరఖాస్తు పెట్టండి. వీలైనంత వరకు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది, కానీ అడగనిదే ఎవరూ ఇవ్వరు.

అసలు పని ఆదాయం చూపించడం. 'ఆయనకు పది ఎకరాల రొయ్యల గుంటలున్నాయి, లక్షలు వస్తాయి' అని పిటిషన్లో రాస్తే అది మాట మాత్రమే. సర్వే నంబర్లు కావాలి. మీభూమి పోర్టల్‌లో 1-బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీయండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈ.సి. (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయిస్తే నోటీసు అందిన తర్వాత పొలం తమ్ముడి పేరున ఎక్కిందా అన్నది కూడా తేలిపోతుంది. విడవలూరు, అల్లూరు, తోటపల్లిగూడూరు వైపు చెరువులు చాలావరకు లీజు మీద నడుస్తాయి, అడంగల్‌లో పేరు వేరేవాళ్లది ఉంటుంది. అప్పుడు చూడాల్సింది కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంది, మేత డీలరు ఖాతా ఎవరిది, సరుకు అమ్మిన డబ్బు ఏ బ్యాంకులో పడింది. పొగాకు రైతైతే ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో, వేలం డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోందో చూడాలి. కందుకూరు, పొదిలి, కొండపి, కలిగిరి వేలం కేంద్రాల్లో అమ్మిన సరుకుకు పొగాకు బోర్డు దగ్గర రికార్డు ఉంటుంది. చీమకుర్తిలో గ్రానైట్ లారీ ఉందంటే బండి నంబరు రాయండి. ఉద్యోగికి జీతం సర్టిఫికెట్, ఫారం 16 (యజమాని ఇచ్చే ఆదాయపు పన్ను కాగితం).

ఇవన్నీ మీ చేతికి రావు, ఆఫీసులు ఇవ్వవు. రికార్డు తెప్పించమని కోర్టులో ఐ.ఏ. వేయాలి. ఏ ఆఫీసు, ఏ ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని స్పష్టంగా రాయాలి. 'భర్త బ్యాంకు వివరాలన్నీ తెప్పించగలరు' అని రాస్తే కొట్టేస్తారు. సొంతంగా నడిపేవాళ్లకూ మంచి వకీలుకూ భరణం కేసులో కనిపించే తేడా వాదనలో ఉండదు, ఈ ఐ.ఏ. వేశారా లేదా అన్న దగ్గర ఉంటుంది. అవతలి పక్షానిదీ అదే గతి. భార్య ఉద్యోగం చేస్తోందని నోటితో చెప్పే భర్తలు ఎంతోమంది, ఆమె పనిచేసే స్కూలు నుంచి జీతం రికార్డు తెప్పించేవాళ్లు తక్కువ.

ఆర్డరు వచ్చాక ఇంకో గొయ్యి ఉంది. నెలనెలా ఇవ్వకపోతే బకాయి కోసం వేసే పిటిషన్, ఆ డబ్బు బాకీ పడిన ఏడాదిలోగా వేయాలి. 'ఇస్తాడులే, ఒకేసారి అడుగుదాం' అని రెండేళ్లు ఆగితే ఈ దారిలో మొదటి ఏడాది డబ్బు వసూలు కాదు. మూడు నాలుగు నెలలకోసారి పిటిషన్ వేసుకుంటూ పోవడం మేలు. జైల్లో పెట్టించినా బాకీ తీరిపోదు, జైలు వసూలు కోసమే. ఇంకో కోర్టులో గృహహింస కేసు కింద ఇప్పటికే కొంత వస్తుంటే దాచకండి. అది బయటపడ్డ రోజు అఫిడవిట్ మొత్తం అబద్ధమన్న ముద్ర పడుతుంది.

ఇక కొట్లాట విడాకులు. క్రూరత్వం, వదిలేసి పోవడం లాంటి కారణాలను తేదీలతో, సాక్షులతో రుజువు చేయాలి. ముందు చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యాన్ని ప్రమాణంతో రాసిచ్చేది) వేయాలి, దానికి కాగితాలు జతచేసి ఏ-1, ఏ-2 అని మార్కింగ్ చేయించాలి, తర్వాత క్రాస్. ఫ్యామిలీ కోర్టుకు 14వ సెక్షన్ కింద సాక్ష్యాధారాల నియమాల్లో సడలింపు ఉన్న మాట నిజమే. ఆ సడలింపు జిరాక్స్‌ను అసలు కాగితంగా మార్చదు, ఒరిజినల్ వెంట ఉంచుకోండి. ఫోను సంగతి మరీ ముఖ్యం. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. దానిలో రెండు భాగాలు: ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. ఆ ఫోను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన ఫోను రికార్డింగులను విడాకుల కేసులో తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, అది చదివి చాలామంది గంటలకొద్దీ ఆడియో పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నారు. ఎన్నో నిమిషంలో ఏ మాట ఉందో రాతపూర్వకంగా ఇవ్వకపోతే వాటిని వినేంత తీరిక ఏ కోర్టుకూ లేదు.

క్రాస్‌లో సొంతంగా నిలబడేవాళ్లు పడే తిప్పలు చూస్తే, వకీలు ఫీజు దేనికో అర్థమవుతుంది. 'ఎందుకు అలా చేశావు?' అని అడుగుతారు. అలా అడగడమంటే అవతలి మనిషికి ఉపన్యాసం ఇచ్చే అవకాశం మీరే చేతికివ్వడం. అవును, కాదు అని జవాబు వచ్చేలా, ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతి అడగాలి. అంతకన్నా ముఖ్యం, అవతలి అఫిడవిట్‌లో మీకు అబద్ధమనిపించిన ప్రతి సంగతినీ క్రాస్‌లో కాదని వాళ్ల ముందు పెట్టాలి. కోర్టు సాక్ష్యాల చివర్లో '...అనడం నిజం కాదు' అని వరుసగా వాక్యాలు కనిపిస్తాయే, అవి అలా పుట్టినవే. పెట్టకుండా వదిలేసినది కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని తర్వాత వాదిస్తారు. మీరు బోనులో ఉన్నప్పుడు మీ తరఫున అభ్యంతరం చెప్పడానికి ఎవరూ ఉండరన్నది గుర్తుంచుకోండి. సాక్ష్యం ఇంగ్లీషులో టైపు అయితే తెలుగులో చదివి వినిపించమని అడిగి, తప్పుంటే అప్పుడే చెప్పి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఫ్యామిలీ కోర్టులో సాక్ష్యం సారాంశం రాసుకుంటే చాలునని 15వ సెక్షన్ అంటుంది గనక మీకు పనికొచ్చిన జవాబు రికార్డులోకి ఎక్కిందో లేదో అక్కడే చూసుకోవాలి.

ఒప్పుకున్న విడాకులు తేలిక అంటారు, సగమే నిజం. హిందూ వివాహ చట్టం 13-బి కింద కనీసం ఏడాది విడిగా ఉండాలి, మొదటి మోషన్‌కూ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం) రెండో మోషన్‌కూ (డిక్రీ ఇవ్వమని మళ్లీ అడగడం) మధ్య ఆరు నెలలు ఆగాలి. విడిపోయి ఇప్పటికే ఏడాదిన్నర దాటి, డబ్బు, బిడ్డల సంగతి తేలిపోయి, కలిసే ఆశ లేదని కోర్టు నమ్మితే ఆ ఆరు నెలలు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికీ దరఖాస్తు వేయాలి. ప్రమాదం రాజీ కాగితంలో ఉంటుంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, కాబట్టి మొత్తం డబ్బు మొదటి మోషన్ నాడే ఇవ్వకూడదు, పుచ్చుకునేవాళ్లు మొత్తం చేతికి రాకుండా రెండో మోషన్‌లో అంతా ముట్టిందని చెప్పకూడదు. డి.డి. నంబరు, తేదీ, వాయిదాలవారీ మొత్తం రాయండి. బంగారం ఎన్ని సవర్లు, ఏ నగ, ఎవరి దగ్గరుందో జాబితా వేయండి. పోలీసు కేసు ఉంటే డిక్రీతో అది దానంతటదే మూసుకుపోదు, దాన్ని ఎవరు ఎప్పుడు ఎలా ముగిస్తారో ఇందులోనే ఉండాలి. 'ఇకపై బిడ్డకు ఏమీ అడగను' అని తల్లి రాసిచ్చినా బిడ్డ భరణం హక్కు పోదు. ఇద్దరి సమ్మతితో వచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదు. లోక్ అదాలత్ అవార్డు మీదా లేదు. ఆ రోజు జనం మధ్య తొందరపెడితే, కాగితం ఇంటికి తీసుకుపోయి చదివి వచ్చే వాయిదాకు సంతకం పెడతానని చెప్పడానికి మొహమాటపడకండి.

కస్టడీకి ఒక్క మార్కే ఎందుకంటే, అక్కడ తప్పు చేస్తే మూల్యం బిడ్డ చెల్లిస్తుంది. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే అని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఉంది, అది చదివి తండ్రులు అడగడమే మానేస్తారు, తల్లులు ధీమాగా కౌంటరు వేయరు. రెండూ తప్పే. బిడ్డను చూసే ఆర్డరు 'సెలవుల్లో చూపించవలెను' అని వస్తే కొట్లాట మళ్లీ మొదలు. ఏ వారం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ చోట, ఎవరు తీసుకొచ్చి ఎవరు తిరిగి దింపుతారు, బిడ్డకు జ్వరం వస్తే బదులు ఏ రోజు, వీడియో కాల్ ఎప్పుడు, ఇవన్నీ పిటిషన్లోనే అడగాలి.

సొంతంగా నడపడానికీ, అప్పు చేసి వకీలును పెట్టుకోవడానికీ మధ్య ఉచిత న్యాయ సహాయం ఉంది. మన దగ్గర చాలామంది దీన్ని 'జైల్లో ఉన్నవాళ్లకు' అనుకుని వదిలేస్తారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేదు, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల ప్రాంగణాల్లోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టవచ్చు, తాలూకా కోర్టుల దగ్గర మండల కమిటీలున్నాయి, 15100కు ఫోను కూడా చేయవచ్చు. వకీలు ఫీజు ఉండదు, కోర్టు ఖర్చులూ వాళ్లే చూస్తారు, వకీలు డబ్బు అడిగితే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. లోపం లేదని అనం: ఇచ్చిన వకీలు కుటుంబ కేసుల్లో ఎంత పని చేశారన్నది మీ చేతిలో ఉండదు. ఫోను ఎత్తకపోయినా, వాయిదాకు రాకపోయినా కారణం రాసి మార్చమని అడగవచ్చు. ఈ సేవకు నాలుగు మార్కులు. ఆదాయ పరిమితి దాటి ఈ సహాయం అందని మగవాళ్లు, మొత్తం కేసు ఇవ్వకుండా పిటిషన్ రాయడానికి, క్రాస్ చేయడానికి మాత్రమే వకీలును మాట్లాడుకోవచ్చు. ఎంత పనికి ఎంత ఫీజు అన్నది ముందే కాగితం మీద రాసుకోండి.

ఇవన్నీ తెలిసీ సొంతంగానే నడిపి ఓడిపోయారనుకుందాం. అప్పీలు గడువు ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు. రెంటికీ పొంతన లేదు, వాదన హైకోర్టులో చేసుకోవచ్చు గానీ మీరు మాత్రం 30 రోజులే ఉన్నట్టు నడుచుకోండి. తీర్పు చదివిన రోజే నకలుకు కాపీ అప్లికేషన్ పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు, అప్లికేషన్ పెట్టకుండా ఇంట్లో గడిపిన రోజులకు ఆ మినహాయింపు లేదు. నకలు చేతికి రాగానే దాని మీద మూడు తేదీలుంటాయి: అప్లికేషన్ పెట్టిన రోజు, తయారైన రోజు, ఇచ్చిన రోజు. హైకోర్టు వకీలు ముందుగా చూసేది ఆ మూడు తేదీలనే.